అచ్చుతప్పు కాదు, హల్లుతప్పు

ప్రతి వీధిలోనూ ఒక ఫైబర్‌గ్లాస్ షెడ్డు ఉండి తీరాలి! పార్కు లేకపోయినా పర్వాలేదు, లైబ్రరీ లేకపోయినా కొంపలు మునగవు. కార్లకు కొత్త ముఖాలూ కొత్త తోకలూ అచ్చుపోసే షెడ్డు మాత్రం వీధికి ఒక్కటైనా ఉండాల్సిందేనని ఈ కాలమ్ ముఖంగా డిమాండ్ చేస్తున్నాను.

నవ్వకండి. మాటవరసకు అనడం లేదు. నాలుగేళ్లుగా అలాంటి షెడ్డు గోడకు ఆనుకున్న గదిలో బతుకుతున్నవాణ్ని. అనుభవం మీద చెబుతున్నాను.

ముందు వాసన సంగతి చూద్దాం. రెసిన్ అనే జిగురు డబ్బా మూత తీయగానే ఒక వాసన వచ్చి ముక్కులో దూరుతుంది, నుదుటి వెనకాల కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, సాయంత్రానికి గానీ లేవదు. దాని ముందు మరే వాసనా నిలవదు. మురుగుకాలవ పొంగినా మాకు తెలియదు. పొయ్యి మీద పాలు మాడినా తెలియదు. ఇంత పరిశుభ్రమైన జీవితం ఈ రోజుల్లో ఎంతమందికి దొరుకుతుంది?

తర్వాత దురద. ఫైబర్‌గ్లాస్ అంటే గాజుపీచే, దాన్ని కత్తిరించినప్పుడు లేచే పొడి కంటికి కనపడదు గానీ, కాలర్‌లోంచి దిగి వీపు మీద కాపురం పెడుతుంది. అందుకే మా వీధిలో ఎవరూ జిమ్‌కు వెళ్లరు. నిలబడ్డచోటే వీపు గోక్కుంటే భుజాలు, మెడ, నడుము అన్నీ కదులుతాయి. ఎదురింటి పెద్దావిడకు పదేళ్లుగా భుజం దాటి లేవని కుడిచెయ్యి ఇప్పుడు వీపు మధ్య దాకా వెళుతోంది. ఏ డాక్టరు చేయగలిగాడండీ ఈ పని!

ఇక గ్రైండర్, అంటే గట్టిపడ్డ గాజుపీచును కోసి అరగదీసే మిషన్. దాని గొప్పతనం సంసారులకే తెలుస్తుంది. మొగుడూ పెళ్లాల గొడవ మంచి పట్టు మీద ఉండగా షెడ్డులో గ్రైండర్ అందుకుంటుంది. ఇద్దరూ నోళ్లు తెరుస్తారు, మూస్తారు, చేతులు తిప్పుతారు, ఒక్క ముక్క వినపడదు. అది ఆగేసరికి గొడవ ఎక్కడ ఆపారో ఇద్దరికీ గుర్తుండదు. ఈ నాలుగేళ్లలో మా వీధిలో ఒక్క తగాదా కూడా చివరిదాకా వెళ్లిన పాపాన పోలేదు. నాలుగు రోజులుంటామని పెట్టె పట్టుకుని దిగిన చుట్టాలు కూడా మధ్యాహ్నానికల్లా ఏదో అర్జెంటు పని గుర్తొచ్చి వెళ్లిపోతారు.

ఇన్ని మేళ్లు చేస్తున్న ఆ షెడ్డు యజమాని ఎవరో కాదు, మా బావ. మా అక్క మొగుడు. వాళ్ల ఇంటి పక్క వాటాలోనే నా మకాం.

తెలుగులో అచ్చు అనే మాట ఒక్కటే గానీ, అది చేసే చాకిరీ అంతా ఇంతా కాదు. నా రాతలు పత్రికలో పడితే అచ్చయ్యాయంటారు. బావ బంపర్ మీద గాజుపీచు పరిచి, గట్టిపడ్డాక ఊడదీస్తే దాన్నీ అచ్చే అంటారు. బడిలో నేర్పే అ, ఆలు అచ్చులు. పిల్ల తల్లి పోలికతో పుడితే అచ్చు తల్లే అంటారు. ఇల్లు కలిసొస్తే అచ్చొచ్చిందంటారు. కాబట్టి నేనూ బావా ఒకే వృత్తిలో ఉన్నామని నా వాదన. "నీది కాగితంరా, పొట్లం కట్టి పారేస్తారు. నాది రోడ్డు మీద తిరుగుద్ది," అని బావ వాదన.

ఆ పని ఎలా జరుగుతుందో చెప్పకపోతే మీకు ఈ కథ తలాతోకా అర్థం కాదు. ఉన్న కారు ముఖాన్ని శుభ్రంగా తుడిచి, మైనం పూయాలి. గంట ఆగాలి. గుడ్డతో రుద్ది మెరుగు పెట్టాలి. మళ్లీ పూయాలి, మళ్లీ గంట ఆగాలి. అలా ఏడు పూతలు. ఆ తర్వాత గాజుపీచు పొరలు పరుస్తూ రెసిన్ తడపాలి. మర్నాటికి అది రాయిలా బిగుస్తుంది. అంచుల్లో చెక్కముక్కలు దూర్చి తట్టితే టక్కున ఊడివస్తుంది. దాని బయటివైపు అంతా పీచుపీచుగా ఉన్నా, లోపలివైపు అద్దంలా నున్నగా ఉంటుంది. ఆ నున్నటి లోపలి భాగంలో మళ్లీ గాజుపీచూ రెసినూ పరిస్తే అసలు ముఖం అచ్చుగుద్దినట్టు దిగుతుంది. మరి మైనం సరిగ్గా పూయకపోతే? ఊడదు. అంతే. కారూ అచ్చూ కలిసి కాపురం చేసుకోవాల్సిందే.

అక్క పని కూడా ఇంచుమించు ఇలాంటిదే. ఎముకల ఆసుపత్రిలో కట్లు కట్టే గది ఆమెది. విరిగిన కాళ్లకూ చేతులకూ కట్టు వేస్తుంది, అతుక్కున్నాక కోసి తీస్తుంది. ఇప్పుడు ఆ కట్లు కూడా ఫైబర్‌గ్లాస్‌వే వస్తున్నాయి. అంటే మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒకటే సరుకు. కాకపోతే అక్క ముందు దూది చుట్టి ఆ తర్వాతే కట్టు వేస్తుంది. కింద ప్రాణమున్న ఒళ్లు ఉందన్న సంగతి ఆమె ఒక్క పూట కూడా మరిచిపోదు.

అక్కకు ఒక కారుంది. గుండ్రటి ముఖం, గుండ్రటి దీపాలు, చిన్న పాత కారు. పద్నాలుగేళ్ల కిందట తన జీతంతో తాను కొనుక్కున్నది. ఇంటి నుంచి ఆసుపత్రికి నలభై నిమిషాలు, తిరిగి రావడానికి మరో నలభై. "ఇంట్లో ఉంటే అక్కా, వదినా, అమ్మా. అక్కడ సిస్టర్, సిస్టర్. కార్లో కూర్చుంటేనేరా నన్నెవరూ పిలవరు," అని ఒకసారి అంది. ఆ నలభై నిమిషాలూ లోపల పాడుకుంటుందో, ఏడుస్తుందో, ఊరికే కూర్చుంటుందో మాకు తెలియదు. అడగాలని కూడా మాకెప్పుడూ తోచలేదు.

సరిగ్గా ఆ కారు మీదే పళ్ల డాక్టరు కన్ను పడింది.

పళ్ల డాక్టరు కొత్త కారు కొన్నాడు. కొన్నాక చూస్తే దాని ముఖం కోపంగా ఉందట. రోజంతా నోళ్లు తెరిచి ఏడ్చే జనాన్ని చూసి అలిసిపోయి బయటికొస్తే తన కారు కూడా పళ్లు కొరుకుతూ కనపడుతోందని ఆయన బాధ. దానికి పాత మోడల్ గుండ్రటి ముఖం తగిలించమని బావ దగ్గరికొచ్చాడు. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మాకు తెలిసినంతలో ఊళ్లో మిగిలింది అక్క కారొక్కటే.

"శనివారం సాయంత్రం ఇవ్వు. సోమవారం పొద్దున్న ఏడింటికి తాళం నీ చేతిలో పెడతా," అన్నాడు బావ.

"గీత పడకూడదు," అంది అక్క.

"గీతా? ఏడు పూతలు మైనం పూస్తాను. కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోద్ది."

అక్క కాసేపు తాళం చేతిలో తిప్పుకుంటూ నిలబడింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వూ ఉంటావుగా దగ్గర?"

"ఉంటానక్కా," అన్నాను.

ఉన్నాను కూడా! అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి బావ మైనం డబ్బా, గుడ్డ నా చేతిలో పెట్టాడు. మైనం పని ఆయన ఎన్నడూ ఎవరి చేతికీ ఇవ్వడు. కానీ ఆ రోజు షెడ్డు వెనకాల వేరే కారు తోక ఒకటి అరగదీయాల్సి ఉంది. "ఏడు పూతలు. పూతకీ పూతకీ మధ్య గంట. ఇందులో తెలివితేటలేం అక్కర్లేదు," అని భరోసా ఇచ్చి వెళ్లాడు.

మొదటి పూత చక్కగా పూశాను. తర్వాత గంట ఆగాలి. ఒక రచయితను మైనం ఆరేదాకా గంటసేపు ఊరికే కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో బావకేం తెలుసు? నాకు కాలమ్ తట్టింది. విషయం, సహనం. ఈ కాలపు మనుషులకు అరనిమిషం ఓపిక లేదనీ, లిఫ్టు రాకపోతే బటన్ పదిసార్లు నొక్కుతారనీ, పూర్వం జనం ఎంత నిదానంగా ఉండేవారో అనీ వాక్యాలు వరదలా వస్తున్నాయి. మధ్యలో లేచి రెండో పూత పూశాను. ఇంకా కాస్సేపటికి మూడోది పూశాను. ఆ తర్వాత కాలమ్ ఎంత బాగా కుదిరిందంటే, లేవడం అన్యాయమనిపించింది.

మధ్యాహ్నం మూడింటికి బావ తలుపు దగ్గరికి వచ్చాడు. మొహానికి మాస్క్, చేతిలో గ్రైండర్. గ్రైండర్ ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఎన్నో పూత?" అని అరిచాడు.

నేను వాక్యం మధ్యలో ఉన్నాను. తలెత్తకుండానే, "ఏదో పూత, అయిపోయింది బావా!" అన్నాను.

ఆయన చెవికి చేరిన మాట, "ఏడో పూత, అయిపోయింది బావా!"

"శభాష్!" అన్నాడు బావ. నాలుగేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదే మొదటిసారి. కాదనడానికి మనసెలా ఒప్పుతుంది?

ఆలోచించండి. ద-కూ డ-కూ మధ్య ఎంత దూరం? నాలుక కొస పళ్ల వెనక తగిలితే ద, కాస్త మడిచి అంగిట్లో తగిలిస్తే డ. అంగుళం కూడా ఉండదు. ఆ అంగుళంలో అక్క కారు ఇరుక్కుపోయింది. పత్రికలో ఇలాంటిది జరిగితే అచ్చుతప్పని మర్నాడు చిన్న సవరణ వేసి ఊరుకుంటారు. ఇది అచ్చు దగ్గరే జరిగినా అచ్చుతప్పు కాదు. ఏ, ఓ రెండూ సలక్షణంగా ఉన్నాయి. పోయింది హల్లు!

ఆ సాయంత్రమే బావ మైనం మీద గాజుపీచు పరిచి రెసిన్ తడిపేశాడు. సోమవారం తెల్లారి ఐదున్నర నుంచి ఊడదీసే పని మొదలైంది. చెక్కముక్కలు దూర్చాం, విరిగాయి. రబ్బరు సుత్తితో తట్టాం. అంచుల్లోకి నీళ్లు కొట్టాం. వేణ్నీళ్లు పోశాం. నేను గోడకు వీపు ఆనించి రెండు కాళ్లతో తన్నాను. అచ్చు ఉలకలేదు, పలకలేదు.

"ఏడో పూత అన్నావు కదరా!" అని బావ గుసగుసగా పళ్లు నూరాడు.

"ఏదో పూత అన్నాను బావా."

"ఏదో ఏంటి? అదేం లెక్క?"

"లెక్క కాదు బావా, భావం."

ఆరూ యాభైకి అక్క యూనిఫాం వేసుకుని, టిఫిన్ బాక్స్, సంచీ పట్టుకుని బయటికొచ్చింది. కారు ముందు సగం మీద వేలి మందాన గాజుపీచు బిగుసుకుని, ఒలవని కొబ్బరికాయలా పీచు లేచి ఉంది. దీపాల్లేవు, నంబరు ప్లేటు లేదు, గుండ్రటి ముఖం జాడ లేదు.

"ఏమైంది?" అంది.

బావ నా వైపు చూశాడు. నేను సుత్తి వైపు చూశాను. గంట నుంచి ఒక్క అక్షరం దగ్గర కొట్టుకు చస్తున్న మేమిద్దరం అక్కను చూడగానే ఏకతాటి మీదికి వచ్చేశాం.

"రెసిన్ సరుకు బాలేదు," అన్నాడు బావ.

"అంతా కల్తీ అయిపోయిందక్కా ఈ మధ్య," అన్నాను నేను.

"ఏడున్నరకి ఒక పాపకి కట్టు విప్పాలి. ఆరు వారాల నుంచి రోజులు లెక్కపెట్టుకుంటోంది," అంది అక్క. కోప్పడి ఉంటే బాగుండేది. ఆమె కోప్పడలేదు, గడియారం చూసుకుంది. బావ గబగబా గ్రైండర్ తెచ్చి దీపాలకు రెండు కంతలు, గాలి పోవడానికి ఒక కంత, నంబరు ప్లేటుకు ఒక కంత కోశాడు. అక్క ఆ కొబ్బరికాయను నడుపుకుంటూ వెళ్లిపోయింది. నలుగురూ నవ్వుతారేమోనని మేమిద్దరం సిగ్గుతో చచ్చాం.

ఎవరూ నవ్వలేదు. అదీ విడ్డూరం!

మొదటి సిగ్నల్ దగ్గర ఒకాయన బైకు ఆపి ఫోటో తీసుకున్నాడు. రెండో సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి ఎత్తాడు. అక్క భయపడి కాగితాలు తీస్తుంటే, "అవి కాదు మేడమ్. ఇది ఎక్కడ చేయించారు? మా తమ్ముడు కారు కొన్నాడు," అన్నాడట. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఆపరేషన్ మధ్యలో వదిలేసి వచ్చి చూశాడట. ఆపరేషన్ అన్నది నేను కలిపిన మాట. వచ్చి చూడటం మాత్రం నిజం. సాయంత్రానికి అక్క కారు బొమ్మ ఊళ్లో సగం ఫోన్లలో తిరుగుతోంది.

పళ్ల డాక్టరు పరుగున వచ్చాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "నాకా గుండ్రటి ముఖం వద్దండీ. ఇదే కావాలి. ఎంత ధైర్యమైన డిజైన్!" అన్నాడు.

బావ నోరు తెరిచాడు. నిజం చెప్పడానికే తెరిచాడు, నేను చూశాను. కానీ డిజైన్ అన్న మాట చెవిన పడగానే ఆ నోరు మెల్లగా మూసుకుంది. ఇరవై ఏళ్లుగా సొట్టలు పూడ్చే మనిషిని తొలిసారి డిజైనర్ అన్నారు. "ఎప్పటి నుంచో మనసులో ఉందండీ," అన్నాడు.

దానికి 'నేచురల్ ఫినిష్' అని పేరు పెట్టింది నేనే. 'నునుపు పాతబడింది!' అని కరపత్రం కూడా రాశాను. తప్పేముంది? చిరిగిన ప్యాంటు చిరిగిందని ఎవరైనా అంటున్నారా? సున్నం వేయడానికి ఓపిక లేని గోడను కాఫీ హోటల్లో దీపాలు పెట్టి చూపించడం లేదూ? గోతుల రోడ్డును అడిగి చూడండి, వేగ నియంత్రణ కోసమే అలా ఉన్నానంటుంది. ఆఫీసులో కంప్యూటర్లు చెడిపోతే ఈ రోజు కళ్లకు విశ్రాంతి దినమని నోటీసు పెట్టినవాళ్లను నేను ఎరుగుదును. పేరొకటి తగిలించగలిగితే ఈ లోకంలో తప్పనేదే మిగలదు!

మూడు వారాల్లో పదకొండు కార్లు వరసలోకి వచ్చాయి. అందరికీ నమూనా చూపించాలి కాబట్టి అక్క కారు షెడ్డులోనే ఉండిపోయింది.

అక్క రెండు బస్సులు మారి ఆసుపత్రికి వెళ్లడం మొదలుపెట్టింది. ఐదున్నరకే బయల్దేరాలి. బస్సులో మనిషి మీద మనిషి. పక్కన కూర్చున్న ఆవిడ తన కోడలి గురించి మొత్తం చెబుతుందట, దిగేదాకా. సాయంత్రం వచ్చి చెప్పులు విడిచి, ఎవరితోనూ మాట్లాడకుండా మెట్ల మీద కాసేపు కూర్చునేది. ఆమెను అలా చూడటం నా వల్ల కాక నా గది కిటికీ మూసేసేవాణ్ని. అడిగితే వాసన కోసమని చెప్పేవాణ్ని.

అంతటితో ఆగినా బాగుండేది. పదకొండు ముఖాలూ చేత్తో చేయడం ఎన్నాళ్లకు తెమిలేను? అందుకని బావ అక్క కారు మీదున్న అచ్చు మీద మరో అచ్చు పోయాలని నిర్ణయించాడు. పీచు మీద రెసిన్ పడితే ఏ మైనమూ ఆపలేదు, ఒకదానిలో ఒకటి కరిచిపెట్టుకుపోతుంది. ఇది బావకు తెలియదా? నాకే తెలుసు, ఆయనకు తెలియదా! కానీ డిజైనర్ అనిపించుకున్న మనిషికి ఇలాంటివి గుర్తుండవు. ఆదివారం తొమ్మిదింటికి ముహూర్తం. పదకొండుమందినీ చూడటానికి రమ్మన్నాడు.

శనివారం సాయంత్రం టీ తాగుతూ అక్కకు చెప్పాడు.

"అంటే, దాని మీద ఇంకోటి పోస్తారా?" అంది అక్క.

"ఒక నెల రోజులు ఓపిక పట్టు. నీకు కొత్త కారే కొనిస్తా."

"నాకు కొత్తది వద్దు," అంది అక్క. గ్లాసు కడిగి బోర్లించి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పదకొండుమందీ వచ్చారు. పళ్ల డాక్టరు ముందు వరసలో. బావ మాస్క్ పెట్టుకుని రెసిన్ కొలుస్తున్నాడు. నేను పక్కనే, రెసిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ సీసా పట్టుకుని, చరిత్రకు సాక్షిలా మొహం పెట్టుకుని నిలబడ్డాను. అంతలో అక్క వచ్చింది. సెలవు రోజైనా యూనిఫాం వేసుకుంది. కళ్లకు అద్దాలు, చేతిలో కట్లు కోసే మిషన్. పాతదైందని ఆసుపత్రివాళ్లు తీసేస్తే ఇంటికి తెచ్చుకున్నది. జనం ఇది కూడా కార్యక్రమంలో భాగమనుకుని దారిచ్చారు. ఒకాయన వీడియో తీయడం మొదలుపెట్టాడు.

అక్క బానెట్ మీద చెయ్యి వేసింది.

"ఏమండీ, ఒక్కటి అడుగుతాను. వీళ్లందరి ముందూ చెప్పండి. ఇది డిజైనా, తప్పా?"

బావ పదకొండుమందినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. ఆ మొహాల్లో ఎంత గౌరవం! ఒక్క మాట అంటే అదంతా పోతుంది. అనకపోతే ఏం పోతుందో ఎదురుగా నిలబడి ఉంది. అచ్చు ఏది కనపడినా నున్నగా ఉందో లేదోనని బొటనవేలు రాసి చూడటం ఆయన అలవాటు. అలవాటు కొద్దీ ఆ పీచు మీద వేలు రాశాడు. గాజు గుచ్చుకుంది. మాస్క్ తీసేశాడు.

"తప్పు," అన్నాడు. "రెసిన్‌ది కాదు. మైనం సరిగ్గా పడలేదు. దగ్గరుండి చూసుకోవాల్సింది, చూసుకోలేదు. తప్పు నాది."

ఆ మాట అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు.

అక్క మిషన్ ఆన్ చేసింది. దాని బ్లేడు గుండ్రంగా తిరగదు, ఉన్నచోటే వణుకుతుంది. గట్టిదాన్ని కోస్తుంది, మెత్తటి ఒంటిని కోయదు. బానెట్ మీది నుంచి నంబరు ప్లేటు దాకా, ఆపుతూ, వేలు పెట్టి వేడి చూసుకుంటూ, అరగంటసేపు కోసింది. తర్వాత అంచున చెక్కముక్క దూర్చి మెల్లగా తిప్పింది. అచ్చు చర్రుమని రెండు చెక్కలైంది. పెయింటు సగం దాంతోపాటే ఊడొచ్చింది. కింద నుంచి ఆ గుండ్రటి ముఖం, అక్కడక్కడా రేకు బయటపడి, పొడి కొట్టుకుని, కళ్లు నులుముకుంటున్నట్టు బయటికొచ్చింది.

బావ గుడ్డ తడిపి తెచ్చాడు. "తుడవనా?" అన్నాడు. అక్క పక్కకు జరిగి చోటిచ్చింది.

ఇక పదకొండుమంది సంగతి. తిట్టుకుంటూ వెళ్లిపోతారనుకున్నాను. పళ్ల డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఇది నిజంగానే పొరపాటా?"

"అవునండీ," అన్నాడు బావ తలొంచుకుని.

"అంటే కావాలని చేసినా ఇలాంటిది మళ్లీ రాదు?"

"రాదండీ."

"అయితే ఆ రెండు ముక్కలూ నావి!"

నావంటే నావని అందరూ మీద పడ్డారు. చివరికి ఎడమ చెక్క పళ్ల డాక్టరుకూ, కుడి చెక్క ఒక బట్టల కొట్టాయనకూ దక్కాయి. ఆ తోపులాటలో అక్క కారెక్కడం వాళ్లు గమనించనే లేదు. సెలవు రోజు, వెళ్లాల్సిన పనేమీ లేదు. గంటన్నర తర్వాత తిరిగొచ్చింది. ఎక్కడికి వెళ్లావని ఈసారి కూడా మేం అడగలేదు, కాకపోతే ఈసారి తెలిసే అడగలేదు.

కాబట్టి పాఠకులారా, ఫైబర్‌గ్లాస్ షెడ్డు మహోపకారి అని నా తీర్మానం. ఇక మీరు లేచి వెళ్లవచ్చు.

వెళ్లకుండా కూర్చున్నవాళ్లకు ఒక మాట. ఆ రోజు షెడ్డులో తప్పు ఒప్పుకోవాల్సినవాళ్లు ఇద్దరున్నారు. ఒప్పుకున్నది ఒక్కడు. రెండోవాడు హార్డెనర్ సీసా పట్టుకుని, అయ్యో ఇంత పెద్ద పనివాడు ఇలా చేశాడేమిటన్నట్టు, జనంతోపాటు తానూ తలూపాడు. ఆ తలూపడం నాకిప్పటికీ మింగుడుపడటం లేదు. బావ మైనం దగ్గర అశ్రద్ధ చేశాడని అక్క ఇప్పటికీ అప్పుడప్పుడూ దెప్పుతుంది. ఆయన అన్నం కలుపుకుంటూ వింటాడు. ఎదురుగా కూర్చుని నేనూ వింటాను. ఒక్కరోజైనా ఆయన వేలు నా వైపు తిరగలేదు.

ఇంట్లో చెప్పే ధైర్యం లేక ఇక్కడికి తెచ్చాను. వాసన ఆరోగ్యమనీ, దురద వ్యాయామమనీ నాలుగు కోతలు కోసి, వాటి మధ్యలో దీన్ని కూడా ఒక కోతగా దాటించేద్దామనుకున్నాను. వ్యంగ్యంలో ఉన్న సుఖమే అది, ఒప్పుకున్నట్టూ ఉంటుంది, ఒప్పుకోనట్టూ ఉంటుంది. అందుకే అక్క నా కాలమ్ చదవదు. "నీ రాతల్లో ఏది నిజమో, ఏది వేళాకోళమో తెలియక చస్తాన్రా," అంటుంది. మీలో ఎవరైనా ఆ ఆసుపత్రికి వెళితే కట్లు కట్టే గదిలో ఈ నాలుగు ముక్కలూ చదివి వినిపించండి.

అక్కా, ఆ ఆదివారం మైనం పూసింది నేను. మూడు పూతలే పూశాను. మిగతా నాలుగూ ఎగ్గొట్టింది బావ కాదు, నేను. ఇందులో వేళాకోళం లేదు. ఈ పత్రిక గురువారం వస్తుంది. గురువారం సాయంత్రం నేను ఇంట్లోనే ఉంటాను.